పరీక్ష పెట్టే చెవి
ఇంగ్లీషు ప్రావీణ్య పరీక్షలూ, ఉపాధ్యాయుల తయారీ

ఇంగ్లీషు గురించి మనదగ్గర జరిగిన గొడవంతా మీడియం చుట్టూనే తిరిగింది. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్ని ఇంగ్లీషు మీడియంలోకి మారుస్తూ జీవో ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఈ మధ్యలో మాతృభాష మీద ప్రేమ ఒలకబోసినవాళ్ళెవరో, వాళ్ళ పిల్లలూ మనవళ్ళూ ఏ బడుల్లో చదివారో, చదివి ఏ దేశాలకి పోయారో అందరికీ తెలుసు. దళిత బహుజన ఆలోచనాపరులు దానికి జవాబు చెప్పారు. మళ్ళీ ఇక్కడ చెప్పబోవడం లేదు. మా ప్రశ్న దాని తరువాతది. మీడియం వచ్చాక పరీక్ష వస్తుంది. మాలపల్లె పిల్లకి వచ్చిన ఇంగ్లీషు ఎంత అని కొలిచేవాడొకడు వస్తాడు. ఆ కొలిచేవాణ్ణి ఎవరు తయారు చేస్తున్నారు? దేనికోసం తయారు చేస్తున్నారు? ఇన్నేళ్ళ చర్చలో ఈ ప్రశ్న వేసినవాళ్ళు మాకు పెద్దగా కనపడలేదు.

2023 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమెరికా పరీక్షల సంస్థ ఈటీఎస్‌తో ఒప్పందం చేసుకుంది. మూడు నుండి అయిదు తరగతులకి టోఫెల్ ప్రైమరీ, ఆ పైన టోఫెల్ జూనియర్ అన్నారు. 2024 ఏప్రిల్‌లో బడుల్లో పరీక్ష కూడా జరిగింది. జూన్‌లో ప్రభుత్వం మారింది, టోఫెల్ పక్కకి పోయింది. ఆ ఏడాది కాలంలో దీని మీద వచ్చిన మాటలు రెండే రకాలు. ఒకటి, అమెరికా పేరు చూసి మురిసిపోవడం. రెండోది, కూలోళ్ళ పిల్లలకి టోఫెలా అని నవ్వడం. రెండో మాట అన్నవాళ్ళు పైకి బోధనాశాస్త్రం మాట్లాడారు గానీ ఆ నవ్వులో ఏముందో మాకు వినపడింది. ఆ నవ్వు మేము కొత్తగా విన్నది కాదు.

మురిసినవాళ్ళూ నవ్వినవాళ్ళూ కూడా చూడనిది, తరగతి గదిలో నిలబడ్డ టీచరుని. ఈ రెండు పరీక్షల్లోనూ అసలు పేపర్లు విని గుర్తించేవి, చదివి గుర్తించేవి. జూనియర్‌లో వ్యాకరణం, పదాల అర్థం కూడా ఉంటాయి. అన్నీ ఇచ్చిన జవాబుల్లో ఒకటి ఎంచుకోవడమే. మాట్లాడడం విడి పేపరు, కావాలంటే పెట్టుకోవచ్చు. అంటే పిల్ల నోరు తెరవకుండానే ఇంగ్లీషు ఎంతొచ్చో తేల్చెయ్యొచ్చు. ఇట్లాంటి పరీక్షకి టీచరుని తయారు చెయ్యడమంటే ఏముంటుంది? ఆడియో ఎప్పుడు మొదలెట్టాలి, సమయం ఎట్లా చూడాలి, గడులు నింపడం ఎట్లా నేర్పాలి, పక్కవాడి పేపరు చూడకుండా ఎట్లా కాపలా కాయాలి. టీచరు కాపలాదారు అవుతాడు. పిల్ల ఇంగ్లీషు గురించి ఆ టీచరుకి ఒక అభిప్రాయం ఉండాల్సిన అవసరమే లేదు. మన పిల్లల్ని తరతరాలుగా నవ్వుల పాలు చేసింది నోటి దగ్గర. పరీక్ష ఆ నోటి దగ్గరికి పోనే పోదు.

పోతే ఏమవుతుందో చరిత్రలో ఉంది. చర్చి పిల్లలుగా పెరిగిన మాబోటి వాళ్ళకి న్యాయాధిపతుల గ్రంథం పన్నెండో అధ్యాయం తెలిసిందే. యొర్దాను రేవు దగ్గర నిలబెట్టి షిబ్బోలెతు పలకమన్నారు. షకారం పలకలేక సిబ్బోలెతు అన్నవాణ్ణి అక్కడే చంపారు. నలభై రెండు వేలమంది పోయారని రాసుంది. 1901లో ఆస్ట్రేలియా తెల్లవాళ్ళు కానివాళ్ళని రానివ్వకుండా డిక్టేషన్ పరీక్ష పెట్టింది. ఏ యూరపు భాషలో పెట్టాలో అధికారి ఇష్టం. చాలా భాషలు తెలిసిన ఎగాన్ కిష్ అనే కమ్యూనిస్టు రచయితని ఆపడానికి 1934లో స్కాట్లండు గేలిక్‌లో పెట్టారు. ఆ పరీక్ష 1958 దాకా బతికింది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లవాళ్ళు ఓటు వెయ్యకుండా అక్షరాస్యత పరీక్షలు పెట్టారు. 1965 ఓటు హక్కు చట్టం వచ్చేదాకా అవి నడిచాయి. వీటన్నిటిలో ఒక సంగతి గమనించాలి. పరీక్ష పెట్టేవాడు అసమర్థుడు కాదు, బాగా తయారైనవాడే. ఎవర్ని ఆపాలో తెలిసి తయారైనవాడు.

ఈటీఎస్ 1947లో పుట్టింది. 1964లో మొదటిసారి జరిగిన టోఫెల్ తరువాత దాని చేతికి వచ్చింది. ఆ సంస్థ నడిపిన పెద్ద పరీక్ష శాట్‌ని 1926లో తయారు చేసినవాడు కార్ల్ బ్రిగమ్. 1923లో ఆయన సైనికుల తెలివి పరీక్షల లెక్కలు పట్టుకుని ఉత్తర యూరపు జాతులది పైచెయ్యి అని పుస్తకం రాశాడు. 1930లో ఆ వాదన తప్పని తనే రాశాడు. తప్పు ఒప్పుకున్నాడు, మంచిదే. మన మనువాదులెవరూ అంతమాత్రం కూడా ఒప్పుకోలేదు. కాకపోతే పరీక్షా, పుట్టుకా ఒకే బల్ల మీద కూర్చుని మొదలయ్యాయని పరీక్ష పెట్టే ప్రతి టీచరుకీ తెలిసుండాలి. మేము చూసిన ఏ శిక్షణ పుస్తకంలోనూ ఈ ముక్క లేదు.

ఇంతవరకూ చదివినవాళ్ళు, అయితే పరీక్షలు వద్దంటున్నారా అని అడగొచ్చు. అట్లా అనం. అనలేం. హాల్ టికెట్ నంబరు లేకపోతే మాలో చాలామంది ఇక్కడిదాకా వచ్చేవాళ్ళం కాదు. పేపరు వేరే జిల్లాకి పోయి, పేరు తెలియని చేతిలో దిద్దబడింది గనకే మార్కులొచ్చాయి. ఇంటర్నల్ మార్కులన్నా వైవా అన్నా మన పిల్లలకి ఎందుకు వణుకో వేరే చెప్పక్కర్లేదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల పరిస్థితి మీద 2007లో తొరాట్ కమిటీ ఇచ్చిన నివేదికలో మార్కుల దగ్గరా వైవాల దగ్గరా ఎదురైన వివక్ష గురించి విద్యార్థులు చెప్పింది ఉంది. కాబట్టి గడులు నింపే పరీక్షని, యంత్రం దిద్దే పరీక్షని చూసి మనవాళ్ళు ఊపిరి పీల్చుకుంటే అందులో అజ్ఞానం లేదు. యంత్రానికి ఇంటిపేరు తెలియదు. ఎడమ పక్షపు విద్యావేత్తలు బహుళైచ్ఛిక ప్రశ్నల్ని యాంత్రికమని తిట్టేటప్పుడు ఈ సంగతి మర్చిపోతారు. అయితే యంత్రం దిద్దగలిగింది మాత్రమే ఇంగ్లీషు అనుకుంటే, రేపు ఇంటర్వ్యూ బల్ల ముందు కూర్చున్నప్పుడు అవతలివాడి చెవి యంత్రం కాదు గదా.

ఆ చెవి సంగతే చూద్దాం. రేమా హన్నా, లీ లిండెన్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు మనదేశంలో ఒక ప్రయోగం చేసి 2012లో అచ్చు వేశారు. పిల్లలు రాసిన జవాబు పత్రాల మీద కులం, వయసు, ఆడా మగా అనే వివరాలు తమ ఇష్టం వచ్చినట్టు తారుమారు చేసి అంటించి టీచర్లచేత దిద్దించారు. కింది కులం అని రాసి ఉన్న పత్రాలకి మార్కులు తగ్గాయి. తేడా చాలా పెద్దదేమీ కాదు, కానీ ఉంది. మమ్మల్ని ఆపేసింది ఆ తరువాతి మాట. ఆ తగ్గించింది ఎక్కువగా కింది కులాల టీచర్లేనని తేలింది. ఇది చదివాక దీన్ని ఈ వ్యాసంలో రాయాలా వద్దా అని మాలో మేము తర్జనభర్జన పడ్డాం. మన శత్రువులు వాడుకుంటారన్న భయం ఉంది. అయినా రాస్తున్నాం, ఎందుకంటే కళ్ళారా చూశాం.

ఇంగ్లీషు మాట్లాడే శక్తిని కొలవడం ఎట్లాగో నేర్పే ఒక రెండు రోజుల శిక్షణ తరగతిలో మేము వెనక బల్ల మీద కూర్చున్నాం. ఊరూ పేరూ అక్కర్లేదు. రిసోర్సు పర్సన్ సారు ఇద్దరు పిల్లల మాటలు రికార్డు చేసినవి వినిపించి, అయిదుకి ఎన్ని మార్కులో వెయ్యమన్నారు. మొదటి పిల్ల ఏడో తరగతి. "మై మదర్ ఈజ్ గో టు మిర్చి కటింగ్. ఐ యామ్ ఆల్సో గో. టూ మంత్స్ నో ఇస్కూల్. ఆఫ్టర్ కమింగ్, సార్ ఈజ్ బీటింగ్." ఇస్కూల్ అనంగానే గదంతా నవ్వింది. రెండో పిల్లవాడు, "మై హాబీ ఈజ్ రీడింగ్ బుక్స్. ఇట్ ఈజ్ వెరీ నైస్. ఐ లైక్ ఇట్ వెరీ మచ్. థాంక్యూ." గడగడా చెప్పేశాడు. మొదటి పిల్లకి ఎక్కువమంది వేసింది ఒకటి. రెండోవాడికి నాలుగు.

ఆ పిల్ల ఏం చెప్పిందో చూడండి. అమ్మ పని చెప్పింది, తను కూడా పోయానని చెప్పింది, ఎన్నాళ్ళో చెప్పింది, తిరిగొచ్చాక ఏం జరిగిందో చెప్పింది. నాలుగు వాక్యాల్లో కారణమూ కాలమూ ఫలితమూ ఉన్నాయి. వ్యాకరణం తప్పు, నిజమే. కానీ వినేవాడికి అర్థం కానిది ఒక్క ముక్క లేదు. రెండోవాడు బట్టీ పట్టిన నాలుగు మాటలు అప్పజెప్పాడు. ఏ పుస్తకం చదివాడో కూడా చెప్పలేదు. మాట్లాడడం అంటే అవతలివాడికి ఒక సంగతి చేరవెయ్యడం అనుకుంటే ఎవరికి ఎక్కువ రావాలి?

మొదటి పిల్లకి సున్నా వేసినాయన మావాడే. టీ తాగేటప్పుడు పక్కకి పిలిచి అడిగాం. "రేపు బయట ఎవడూ మనమీద జాలిపడడు గదన్నా. ఇప్పుడే దిద్దకపోతే ఎట్టా? నన్నట్టా దిద్దబట్టే గదా నేనీ ఉద్యోగంలో ఉంది" అన్నాడు. ఆయన మాటలో ద్వేషం లేదు. తనకి పడ్డ దెబ్బల్నే కొలబద్దగా పట్టుకున్నాడు. ఎవరి నవ్వుకి భయపడి ఆయన ఇంగ్లీషు నేర్చుకున్నాడో ఆ నవ్వు ఆయన చెవిలో కాపురం పెట్టింది. హన్నా, లిండెన్‌ల లెక్కల్లో అంకెగా ఉన్నది ఇట్లాంటిదేనేమో అనిపించింది.

పెద్ద పరీక్షల్లో మార్కులేసేవాళ్ళకి తయారీ లేదని కాదు. ఐఈఎల్‌టీఎస్‌లో మాట్లాడే పరీక్ష 11 నుండి 14 నిమిషాలు. ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ అని నాలుగు కొలమానాలు. పరీక్షకులు నమూనా రికార్డింగుల మీద సాధన చెయ్యాలి, రెండేళ్ళకోసారి మళ్ళీ అర్హత నిరూపించుకోవాలి. ఇదంతా దేనికి? పదిమంది పరీక్షకులు ఒకే గొంతుకి ఒకే మార్కు వెయ్యడానికి. ఇది మంచిదే. కానీ నిలకడ వేరు, న్యాయం వేరు. మేము కూర్చున్న గదిలో కూడా నిలకడ ఉంది. అందరూ ఒక్కసారే నవ్వారు, అందరూ దాదాపు ఒకే మార్కు వేశారు. లెక్కల ప్రకారం అది నమ్మదగిన పరీక్ష.

ఇంకో సంగతి. భాషా స్థాయిలకి యూరపు కౌన్సిల్ 2001లో వేసిన చట్రాన్ని ఇప్పుడు ప్రపంచమంతా వాడుతోంది. 2018లో దానికి తెచ్చిన అనుబంధంలో, పుట్టుకతో ఆ భాష మాట్లాడేవాణ్ణి ఆదర్శంగా పెట్టిన మాటల్ని తీసేశారు. ఉచ్చారణ కొలతని, వినేవాడికి అర్థమవుతోందా లేదా అన్నదాని వైపు తిప్పారు. దొర పీట దిగాడు. మన శిక్షణ తరగతుల్లో మాత్రం ఇంకా దొరలాగా పలకాలనే చెప్తున్నారు. ఆ చెప్పేవాళ్ళు పలికేది దొర ఇంగ్లీషు కూడా కాదు, కాన్వెంటులో చదివిన అగ్రకులపు ఇంగ్లీషు. అందులోనూ తెలుగు యాస ఉంది. అది యాసగా వినపడదు, అంతే. తెలుగులో శ, ష, స పలకడంలో మనల్ని పట్టుకుని ఆడుకున్నవాళ్ళే ఇంగ్లీషులో కూడా అదే పని చేస్తున్నారు. షిబ్బోలెతు మనకి కొత్తేమీ కాదు.

మరి ఏం చెయ్యాలి? టీచర్లకిచ్చే శిక్షణలో ఒక పూటంతా వినడానికే కేటాయించాలి. మార్కు వెయ్యకముందు, పిల్ల ఏం చెప్పిందో టీచరు తన మాటల్లో రాయాలి. రాశాకే అంకె. ఊరూ బడీ ఇంటిపేరూ తెలియకుండా రికార్డింగు ఇంకో మండలం టీచరు కూడా దిద్దాలి. ఇద్దరి మధ్యా తేడా వస్తే ఎందుకొచ్చిందో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. ఆ మాటల్లో కులం పేరెత్తడానికి సిగ్గుపడకూడదు. ప్రశ్నలు కూడా విమానాశ్రయం, మ్యూజియం, పుట్టినరోజు కేకు దగ్గరే ఆగకుండా హాస్టలు మెస్సు, మిరప చేను, రేషన్ షాపు దాకా రావాలి. సెలవుల్లో ఎక్కడికి వెళ్ళావు అని అడిగితే కోతలకి పోయిన పిల్ల ఏం చెప్తుంది? అది భాష రాకపోవడం కాదు, చెప్పుకోడానికి జడుపు. హైదరాబాదులో 1958 నుండి ఇంగ్లీషు టీచర్లకి శిక్షణనిచ్చే సంస్థ ఉంది, ఇప్పుడది ఇఫ్లూ. ఈ పని మొదలు పెట్టడానికి ప్రిన్స్‌టన్ దాకా పోనక్కర్లేదు.

ఇది చిన్న తరగతులతో అయిపోయే సంగతి కూడా కాదు. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల సాయంతో విదేశాలకి పోవాలనుకునే దళిత విద్యార్థిని కూడా టోఫెల్ లేదా ఐఈఎల్‌టీఎస్ స్కోరు అడుగుతారు. ఆ పరీక్ష ఫీజు 15 వేల పైమాటే, తప్పితే మళ్ళీ కట్టాలి. అక్కడ నోరు తెరవాల్సిన రోజుకి ముందు, పదేళ్ళపాటు ఆ పిల్ల నోటిని మూయించినవాళ్ళెవరో ఏ స్కోరు కార్డు మీదా ఉండదు. మేము కూర్చున్న ఆ తరగతిలో మార్కుల ఫారం మీద, పిల్ల ఏం చెప్పింది అని రాయడానికి ఒక గడి పెట్టమని అడిగాం. ఫారం పైనుండి వచ్చిందండీ, మార్చడానికి లేదు అన్నారు.