పుంగనూరు గొంతు, మూడు నిమిషాల ప్లేటు

కాంచీపురం నాయనా పిళ్ళై కచేరీ అంటే వేదిక నిండిపోయేది. వయొలిన్, మృదంగం సరే, వాటితోపాటు ఘటం, కంజీర, మోర్సింగ్, డోలక్, కొన్నక్కోల్ కూడా వరసగా కూర్చునేవి. లయలో ఆయనకు ఎదురు నిలవాలంటే ఆ కాలపు విద్వాంసులకు కూడా గుండె దిటవు కావాల్సి వచ్చేది. ఆ గొంతు వినే భాగ్యం మనకు లేదు. 1934లో ఆయన కాలం చేశారు, ప్లేటు మీద ఒక్క పాటా మిగల్చకుండానే. ఆ బాణీ ఎలా ఉండేదో తెలియాలంటే శిష్యుల పాట వినాలి. వాళ్ళలో ముందువరస శిష్యుడు 1898లో మన పుంగనూరులో పుట్టారు. పేరుకు ముందు చిత్తూరు చేరింది గానీ చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్ళై పుట్టిన ఊరు పుంగనూరే.

1954లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. మదురై సోము లాంటి గాయకుణ్ణి ఆయన తీర్చిదిద్దారు. ఇవి సభల్లో కూర్చుని వినేవాళ్ళకు తెలిసిన సంగతులు. సభ గడప తొక్కనివాళ్ళ ఇళ్ళకు ఆయన పాటను చేర్చింది మాత్రం గ్రామఫోను. ఆనందభైరవిలో ‘మధురానగరిలో’ అనే జావళి ఆయన గొంతులో 78 ఆర్‌పీఎం ప్లేటుగా వచ్చి జనంలోకి వెళ్ళిపోయింది. గంటల తరబడి పల్లవి నడిపే గురువు దగ్గర నేర్చుకున్న మనిషి, తన విద్యనంతా మూడు నిమిషాల్లో చూపించాల్సి వచ్చింది. పాత ప్లేట్ల మీద నాకింత మమకారం కలగడానికి మొదటి కారణం అదే.

పదంగుళాల ప్లేటుకు ఒక వైపు మూడు నిమిషాలు, మహా అయితే ఇంకో ఇరవై సెకన్లు. అందులో తీరిగ్గా రాగాలాపనకు చోటు లేదు. నెరవు లేదు. కృతిలో పది సంగతులు వచ్చినా ఏ మూడు పాడాలో, ఏవి వదిలెయ్యాలో ముందే తేల్చుకోవాలి. రాగం మొదటి పట్టులోనే తెలిసిపోవాలి. తప్పు దొర్లితే చెరిపేసే వీలు లేదు, మైనం బిళ్ళ మీద గీత పడితే పడినట్టే. కొత్త బిళ్ళ పెట్టి మొదటినుంచీ పాడాలి. అందుకే ఆ కాలపు ప్లేటు వింటున్నప్పుడు నాకు పాటతోపాటు పాడినవాళ్ళ ఎంపిక కూడా వినిపిస్తుంది. తెలిసినదాంట్లో దేన్ని దాచుకున్నారు, దేన్ని బయటపెట్టారు అన్నది తెలుస్తుంటుంది. అచ్చంగా కచేరీలో దొరకని ఆనందం ఇది.

మదనపల్లెకు సంగీతాన్ని నిలవచెయ్యడంలో ఇంకోరకం చరిత్ర ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడి దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చి ‘జనగణమన’ పాడి వినిపించారు, దాన్ని ఇంగ్లీషులోకి చేశారు. ఆ కళాశాల ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ ఐర్లండులో సంగీతం చదువుకున్నావిడ. ఆవిడ ఆ వరసకు స్వరాలు కట్టి కాగితం మీద పెట్టారు. మదనపల్లెవాళ్ళు ఇప్పటికీ గర్వంగా చెప్పుకునే సంగతి ఇది, చెప్పుకోవాల్సిందే. అయితే కాగితం మీద వరస మాత్రమే ఉంటుంది. ఏ అక్షరం దగ్గర గొంతు కాస్త ఆగింది, ఎక్కడ ఊపిరి తీసుకున్నారు, గమకం ఎంత లోతుకు దిగింది అన్నవి స్వరలిపికి అందవు. ఆనందభైరవి లాంటి రాగం బతికేదే ఆ గమకంలో. దాన్ని పట్టి ఉంచింది ప్లేటు.

ఎలా పట్టింది? తొలినాళ్ళలో గాయకులు పెద్ద బాకా మూతిలోకి గట్టిగా పాడేవాళ్ళు. ఆ ధ్వనికి అదిరే పొర ఒక ముల్లును కదిపితే, ఆ ముల్లు తిరిగే మైనం మీద వంకరటింకర గాడి కోసేది. 1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ పాడింది అలాగే. పాట చివర తన పేరు తనే చెప్పుకునేది, ఎందుకంటే అచ్చు తియ్యడానికి ఆ ముద్రలు జర్మనీ వెళ్ళేవి, అక్కడివాళ్ళకు ఎవరు పాడారో తెలియాలి కదా. 1925 తర్వాత మైకు వచ్చింది. అరవనక్కర్లేకుండా మెల్లగా పాడినా గాడి పడింది. జావళి లాంటి సుకుమారమైన పాటలకు దీంతో ప్రాణం వచ్చిందని నా నమ్మకం. మైనం మీది గాడికి లోహపు పూత పూసి, ఆ లోహంతో అచ్చు చేసి, వేడి చేసిన ముద్దను ఆ అచ్చుల నడుమ ఒత్తితే ప్లేటు తయారయ్యేది.

ఆ ముద్దలో లక్క ఉంది. ఈ దేశపు అడవుల్లో చెట్ల కొమ్మల మీద పురుగులు పెట్టే లక్కే ప్రపంచమంతటి ప్లేట్లకూ వెళ్ళింది. లక్క నాలుగోవంతు ఉంటే మిగతాది ఎక్కువగా రాతిపొడి, నలుపు కోసం మసి. రాతిపొడి ఎందుకంటే, బరువైన సౌండ్‌బాక్స్ కింద ప్లేటు నలిగిపోకూడదు. అరగాల్సింది ఉక్కు ముల్లే. మొదటి చుట్లలోనే ఆ గరుకుకు ముల్లు మొన అరిగి గాడికి సరిపడే ఆకారానికి వస్తుంది. పాట అయ్యేసరికి దాని పని అయిపోతుంది. అందుకే ఒక్కో వైపుకు ఒక్కో కొత్త ముల్లు వెయ్యాలన్న నియమం. ముల్లు ఖర్చని అదే వాడినవాళ్ళ ప్లేట్లు ఇవాళ బూడిదరంగుకు తిరిగి కనిపిస్తాయి.

ఇక వినడం. కీ పూర్తిగా ఇవ్వాలి, లేకుంటే చరణం మధ్యలో గొంతు జారిపోతుంది. ముల్లు బిగించాలి. ప్లేటును అంచులు పట్టి దించాలి. ఆ తర్వాత పని గురించి మా వైపు మైకుసెట్టు నడిపిన పెద్దాయన ఒకరు చెప్పిన మాట నాకు పాఠమైంది: “ముల్లు దించేటప్పుడు ఊపిరి బిగబట్టల్ల నాయనా. చెయ్యి కాదు, ఊపిరే అదిరేది.” మొదటి గాడిలోకి ముల్లు దిగినప్పటి గరగర, దాని వెనకే తంబురా, ఆ తర్వాత గొంతు. మూడు నిమిషాలకు లేవాలి, తిప్పాలి. మధ్యలో ఇంకో పనికి పోవడం కుదరదు. వినడానికే కూర్చుంటాం.

చిత్తూరు వైపు ఈ పడమటి మండలాల చెవి అప్పటికే ఇలాంటి వినికిడికి అలవాటుపడి ఉంది. ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం పెడితే పగలు హరికథ, రాత్రి నాటకం, రోజుల తరబడి. పద్యం ఎత్తుగడ బాగుంటే మళ్ళీ పాడమనే జనం వీళ్ళు. రంగస్థల నటులు కపిలవాయి రామనాథశాస్త్రి, స్థానం నరసింహారావుల ప్లేట్లు అలాంటివాళ్ళకు ఎందుకు నచ్చాయో వేరే చెప్పాలా? చిత్తూరు నాటకరంగం మీంచి సినిమాకు పోయిన నాగయ్య 1946లో ‘త్యాగయ్య’ తీసి, సంగీతమూ తనే సమకూర్చి పాడితే జిల్లా అంతా తన ఇంటి పాటగా విన్నది. కుప్పం సంగతి మరీ ప్రత్యేకం. అటు తమిళం, ఇటు కన్నడం, ఊళ్ళో తెలుగు. అలాంటి సరిహద్దు ఊళ్ళో ప్లేట్ల పెట్టె తెరిస్తే మూడు భాషలూ ఒకదాని పక్కన ఒకటి ఉండడం వింత కాదు. మద్రాసు–బెంగళూరు రైలుమార్గం మీదే ఊరు కాబట్టి ఏ వైపు నుంచైనా సరుకు దిగేది.

1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ ఎల్పీ తెచ్చింది. లక్క స్థానంలో వినైల్, 78 చుట్లకు బదులు ముప్పైమూడూ మూడోవంతు, వైపుకు ఇరవై నిమిషాల పైన. యుద్ధకాలంలో లక్క కొరత రావడం కూడా వినైల్‌కు దారి వేసింది. లెక్క కట్టి చూశాను: 78 ప్లేటు ఒక వైపు గాడిని సాగదీస్తే దాదాపు 125 మీటర్లు, ఎల్పీది అర కిలోమీటరుకు కాస్త తక్కువ. స్టీరియో వచ్చాక ఆ సన్నగాడి రెండు గోడలూ రెండు చెవులకు పంచుకున్నాయి. ఎడమది ఒక గోడ, కుడిది ఇంకో గోడ. ఒకే వజ్రపు ముల్లు రెండింటినీ ఒకేసారి చదువుతుంది. ఇది ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఆశ్చర్యమే.

తెలుగువాళ్ళకు ఎల్పీ అంటే ముందు గుర్తొచ్చేవి మూడు. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి సుప్రభాతం, 1963. ఘంటసాల పోయిన 1974లోనే బయటికొచ్చిన భగవద్గీత. ఆ దశాబ్దం చివర తిరుమల తిరుపతి దేవస్థానం ఎమ్మెస్ చేత పాడించిన బాలాజీ పంచరత్నమాల. మూడో దాంట్లో నేదునూరి కృష్ణమూర్తి స్వరపరిచిన అన్నమయ్య కీర్తనలున్నాయి. మైకుసెట్టువాళ్ళ చేతుల్లో ఇవి ఎంత నలిగాయంటే, మంచి స్థితిలో ఉన్న భగవద్గీత ఎల్పీ దొరకడం ఇప్పుడు కష్టం. పాత సామాన్ల కొట్లలో ఎక్కువగా కనిపించేదీ అదే, ఎక్కువగా అరిగి ఉండేదీ అదే.

కొలతల ప్రకారం చూస్తే సీడీ ధ్వని శుభ్రమైంది, గరగర లేనిది. దాంతో నాకు పేచీ లేదు. అయినా 2022లో అమెరికాలో సీడీలు 3 కోట్ల 30 లక్షలు అమ్ముడైతే వినైల్ ప్లేట్లు 4 కోట్ల 10 లక్షలు పోయాయి. 1987 తర్వాత ప్లేటు సీడీని దాటడం అదే మొదలు. కొన్నవాళ్ళలో చాలామంది ఫోనులో అదే పాట ఉచితంగా వినగలిగినవాళ్ళే. పాట చేతికి తగలాలి, అట్ట మీద ఎవరు వాయించారో చదవాలి, ఒక వైపు పూర్తిగా వినాలి అన్న కోరిక వాళ్ళకూ పుట్టింది. మనవాళ్ళలో ఈ కోరికను జీవితమంతా మోసినవారు వి.ఎ.కె. రంగారావు గారు. మద్రాసులో నలభై వేలకు పైగా ప్లేట్లు కూడబెట్టి, ఏ పాట ఎవరు ఎప్పుడు పాడారో తెలుగువాళ్ళకు రాసి, చెప్పి, వినిపించారు. సేకరణ అంటే అది. అల్మరా నింపుకోవడంతో సరిపెట్టుకోలేదు. ఆయనలాంటివాళ్ళు లేకపోతే మన తొలి సినిమా పాటల చరిత్రలో సగం ఊహాగానమే అయ్యేది.

ఇప్పుడు మొదలుపెట్టాలనుకునేవాళ్ళకు నాలుగు మాటలు. మదనపల్లె, కుప్పం నుంచి బెంగళూరు దగ్గరే. చిక్‌పేట ఆదివారం సంతలో ఓపిగ్గా వెతికితే తెలుగు ప్లేట్లు దొరుకుతాయి. ప్లేటును వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి. మెరుపు ఉండాలి, గోరుకు తగిలే గీతలు ఉండకూడదు. 78 ప్లేటును ఎల్పీ ముల్లుతో వాయించొద్దు. 78 గాడికి మొన దాదాపు 75 మైక్రాన్లు ఉండాలి, ఎల్పీ ముల్లు 25 కూడా ఉండదు. అది గాడి అడుగున పొర్లుతూ చెత్తనే వినిపిస్తుంది. ప్లేట్లను నిలబెట్టి దాచండి, ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు. మదనపల్లె చల్లదనం వాటికి మేలే గానీ, ఎండలో ఆపిన కారులో ఎల్పీని గంట వదిలితే అప్పడంలా వంకర తిరుగుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, లక్క ప్లేటును స్పిరిట్‌తో తుడవొద్దు. వడ్రంగులు లక్కను స్పిరిట్‌లో కరిగించే కదా తలుపులకు పాలిష్ పెట్టేది. తుడిచిన గుడ్డకు పాట అంటుకుని వచ్చేస్తుంది. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్క చుక్క మెత్తని సబ్బు, మెత్తని బ్రష్షు, గాడి వెంబడి గుండ్రంగా, లేబుల్ తడవకుండా. అంతే.

పుంగనూరులోనో పలమనేరులోనో అటక దులుపుతుంటే అట్ట లేని నల్ల ప్లేటు ఒకటి దొరికి, దాని లేబుల్ చిరిగిపోయి ఉంటే, పాడైందని పారెయ్యకండి. గాడి ముగిసే చోటుకూ లేబుల్‌కూ నడుమ నున్నటి జాగా ఉంటుంది. అక్కడ అచ్చులోనే చెక్కిన చిన్న నంబరు ఒకటి కనిపిస్తుంది. లేబుల్ పోయినా అది పోదు. పాత కంపెనీ జాబితాలతో ఆ నంబరు సరిచూస్తే, ఏ పాటో ఎవరి గొంతో తేలే అవకాశం ఉంది.