దారిని కొలిచిన దినచర్య: ‘కాశీయాత్ర చరిత్ర’

ఇటీవల కొందరు విద్యార్థులు మా దుర్గి నుంచి బస్సులో బయలుదేరి మాచర్ల, ఎత్తిపోతల చూచుకొని, ఎర్రగొండపాలెం, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్ళివచ్చినారు. వారు వ్రాసిన నివేదికలు నేను చదివినాను. అన్నిటిలోను ప్రకృతి రమణీయముగానే ఉన్నది. దారిలో మన్ను రంగు ఎక్కడ మారినదో మాత్రం ఒక్కరూ వ్రాయలేదు. అప్పుడు ఏనుగుల వీరాస్వామయ్యగారి ‘కాశీయాత్ర చరిత్ర’ను మళ్ళీ తీసి చదివినాను.

చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా ఉన్న ఆయన 1830 మే 18న పరివారంతో పయనమై అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరినారు. గయ, కలకత్తా చూచి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరినారు. గ్రంథం 1838లో అచ్చయినది.

ఈ గ్రంథం గొప్పతనం దాని క్రమములో ఉన్నది. మజిలీ మజిలీకి దూరమెంత, దారి ఎటువంటిది, నీటి వసతి ఉన్నదా అన్న విషయాలు ఆయన ప్రయాణములోనే వ్రాసి ఉంచినారు. ఇంటికి వచ్చి జ్ఞాపకముమీద అల్లిన కథ కాదు. పరిశీలనకు ఇదే మొదటి మెట్టు.

ఇక లోపం చెప్పాలి. మనుషుల ఆచారాలను గూర్చి ఎన్నో ప్రశ్నలు వేసుకొన్న వీరాస్వామయ్యగారు రాళ్ళను గూర్చి అంతగా వేసుకొనలేదు. నల్లమల దాటడమెంత కష్టమో తెలుస్తుంది. ఆ కొండ అక్కడ ఎందుకున్నదో తెలియదు. ఇందుకు ఆయనను తప్పుపట్టరాదు. లయల్ భూవిజ్ఞాన గ్రంథం మొదటి సంపుటం వెలువడినది 1830లోనే. కడప, కర్నూలు శిలలపై విలియం కింగ్ గ్రంథం 1872లో గాని రాలేదు. అయినా ఒక పోలిక చూడండి. వీరాస్వామయ్యగారు తిరిగివచ్చిన సంవత్సరమే, డిసెంబరులో, డార్విన్ లయల్ సంపుటాన్ని వెంటబెట్టుకొని ఓడ ఎక్కినాడు. ఇద్దరూ దినచర్యలు వ్రాసినవారే. డార్విన్ చేతిలో అదనంగా ఒక ప్రశ్న ఉన్నది: ఈ నేల ఇట్లా ఎందుకున్నది?

ఆ ప్రశ్నకు మనం దూరం పోనక్కరలేదు. దుర్గి శిల్పులు చెక్కే పలనాటి సున్నపురాయి ఒకనాటి సముద్రగర్భంలో పేరుకొన్నది. దాని ముక్కపై సజల హైడ్రోక్లోరికామ్లం ఒక చుక్క వేస్తే బుసబుస పొంగుతుంది. నల్లమలలోని క్వార్ట్‌జైటుపై వేస్తే పొంగదు. ఈ మార్పు దారిలో ఎక్కడ మొదలైనది? ఎత్తిపోతలవద్ద చంద్రవంక అక్కడనే ఎందుకు దూకుతున్నది? అక్కడి రాతిపొరలలో ఏది గట్టిది, ఏది మెత్తనిది?

నా విద్యార్థులను నిందించబోయి ఆగినాను. బస్సు కదలకముందు ఈ ప్రశ్నలలో ఒక్కటైనా నేను వారికి ఇవ్వలేదు. వీరాస్వామయ్యగారి నుంచి నోటుపుస్తకాన్ని, డార్విన్ నుంచి ప్రశ్నను తీసుకొని వెళ్ళిన యాత్ర విజ్ఞానయాత్ర అవుతుంది. ఉపాధ్యాయ మిత్రులు ప్రయాణానికి ముందు రోజే ఆ రెండూ పిల్లల చేతికివ్వాలని నా మనవి.