కథ విని వలచినవారు: వాసిష్ఠమునందలి యహల్య, దాంతే కావ్యమునందలి ఫ్రాంచెస్కా

శృంగారకథ శ్రోతను జెఱచునా యను ప్రశ్న నేఁటిది కాదు. ప్రబంధములను దూషించువారు చెఱచుననియు, భూషించువారు చెఱుపదనియు వాదించుచునే యున్నారు. ఈ వాదమున నుభయపక్షములవారును విమర్శకుల మాటలనే ప్రమాణముగాఁ గొందురు గాని, కథలే యీ ప్రశ్నను దమలో నిముడ్చుకొని యున్న సంగతి గమనింపరు. పాతకథ యొకటి విని, దానివలన వలపునఁ బడి, యా వలపునకై ప్రాణములు గోల్పోయిన స్త్రీ వృత్తాంతము సంస్కృత వాసిష్ఠరామాయణమునఁ గలదు. అట్టిదే మఱియొకటి యిటలీదేశపు మహాకవి దాంతే (1265–1321) రచించిన ‘కొమ్మేదియా’ కావ్యమున నరకఖండము పంచమసర్గమునఁ గలదు. ఈ రెంటిని జేర్చి చదివినచో వలపెంతవఱకో, కామమెంతవఱకో, వంచన యెవరిదో తేటపడఁగలదు. నేను శబ్దశాస్త్రము చదువుకొన్నవాఁడను గావున నా శాస్త్రపుఁ గొలబద్దతోనే కొలిచి చూపెదను.

వాసిష్ఠము మన ప్రాంతమునకుఁ గ్రొత్తది కాదు. క్రీస్తుశకము పదునేనవ శతాబ్ది ప్రథమపాదమున రామగిరి ప్రభువుల మంత్రియగు కందనామాత్యుని యాదరమునకుఁ బాత్రుఁడైన మడికి సింగన వాసిష్ఠరామాయణమును దెనిఁగించెను. 2016 వఱకుఁ గరీంనగరము జిల్లాలో నుండి నేఁడు పెద్దపల్లి జిల్లాలోఁ జేరిన యా దుర్గమునకు మంథెన దవ్వు గాదు. మంథెన, ధర్మపురి వంటి గోదావరీతీరస్థలములలోఁ బురాణము చెప్పించుకొని వినుట తరతరములుగా వచ్చుచున్న యాచారము. కథాశ్రవణమువలనఁ గలుగు మేలుకీడుల విచారము మనవారికిఁ జేరువయైనదే. ఇచట నేను గ్రహించినది మాత్రము సంస్కృతమూలమున నుత్పత్తిప్రకరణమునఁ గల కథ.

ఆ కథ యిది. మగధదేశమున నింద్రద్యుమ్నుఁడను రాజు కలఁడు. అతని భార్య పేరహల్య. ఆ పురముననే యింద్రుఁడను పేరుగల బ్రాహ్మణయువకుఁడు, విటుఁడు, ఉండెను. పూర్వమహల్య యింద్రునకుఁ బ్రియురాలయ్యె నను పురాణకథను రాణి యొకనాఁడు వినెను. విన్నది మొదలు, ‘నేనును నహల్యను, నా యింద్రుఁడేల రాఁడు’ అని తపింపఁ జొచ్చెను. చెలికత్తె యా తాపము చూడఁజాలక యూరిలోని యింద్రునిఁ దోడ్తెచ్చెను. వారి కూటమి రాజునకుఁ దెలిసెను. అతఁడు వారిని జలికాలమున నీటఁ ద్రోయించెను, కాఁగిన పెనమునఁ బెట్టించెను, ఏనుఁగుకాళ్లకుఁ గట్టించెను, కొరడాలఁ గొట్టించెను. వారు నవ్విరే కాని నొవ్వరైరి. అడుగఁగా నింద్రుఁడు, తనకు జగమెల్లఁ బ్రియురాలుగనే తోఁచుచున్నదనియు, మనస్సే పురుషుఁడు గాని దేహము గాదనియుఁ బదులు చెప్పెను. తుదకు రాజు ప్రార్థింపఁగా భరతముని శపించెను. ఆ శాపమున మునితపస్సు తఱిగినది, వారి దేహములు పడినవి. వలపు మాత్రము పడలేదు. వారు లేళ్లై, పక్షులై, పిదప బ్రాహ్మణదంపతులై జన్మజన్మమునఁ గలసియే యుండిరి.

ఇఁక దాంతే చెప్పినది. రవెన్నా ప్రభువు కూఁతురు ఫ్రాంచెస్కాను రిమినీ ప్రభువు కొడుకగు జాంచొట్టో మలతెస్తాకు బెండ్లిచేసిరి. ఆమె మఱఁది పావోలో. ఒకనాఁ డిరువురును నేకాంతమున లాన్సెలాట్ అను వీరుఁడు రాణి గినివీరును వలచిన కథ చదువుకొనుచుండిరి. ఆ కథలో ముద్దుపెట్టుకొను ఘట్టము రాఁగా పావోలో వడఁకుచు నామెను ముద్దుపెట్టుకొనెను. ఆనాఁడు వారు మఱి చదువలేదు. భర్త వారి నిరువురను జంపెను. దాంతే వారిని నరకమున రెండవ యావరణమునఁ గాముకుల నడుమ, సుడిగాలిఁ గొట్టుకొనిపోవు పక్షులవలె నిలిపినాఁడు. అచట నామెయే తన కథ చెప్పును; పావోలో యేడ్చుచుండును; విన్న కవి జాలిచే మూర్ఛిల్లును.

రెండు కథల పోలిక విశదము. రెంటను బూర్వకథయే కుంటెన. ఫ్రాంచెస్కా యా మాటయే చెప్పును: లాన్సెలాట్ కథలో నాయికానాయకులను గలిపిన వాఁడు గెలియొట్టో, తమకు గెలియొట్టో యా పుస్తకమును, దానిని వ్రాసినవాఁడు నని. కాని వంచన జరిగిన తీరు రెంటను నొక్కటి గాదు. అహల్య పేరుచే వంచింపఁబడినది. ఫ్రాంచెస్కా వాక్యముచే వంచింపఁబడినది.

మొదట నహల్య మాట. ఒక శబ్దమునకుఁ బెక్కర్థము లున్నపుడు వక్త యుద్దేశించిన యర్థమును నిర్ణయించుటకు భర్తృహరి వాక్యపదీయమున సంయోగము, విప్రయోగము, సాహచర్యము, విరోధము మొదలగు హేతువులను బరిగణించెను. రామశబ్దము పరశురామునకును, బలరామునకును, దాశరథికిని జెల్లును; ప్రక్కన లక్ష్మణశబ్దమున్నచో దాశరథియే యని తెలియును. ఇది సాహచర్యము. అట్లే యహల్యాశబ్దము ప్రక్కనున్న యింద్రశబ్దము దేవేంద్రునే చెప్పవలెను. పురాణకథలో నట్లే చెప్పినది. కాని రాణి, యా సాహచర్యములోని యొకపదమును దాను గైకొన్నది. గౌతముని భార్యకుఁ గల సంజ్ఞ తనకును గలదు గావున నా కథ తనదే యనుకొన్నది. సాహచర్యము నిర్ణాయకము గావలెనన్న రెండు పదములలో నొకటియైన నిశ్చితార్థము గావలెను. ఇచట రెండును సందిగ్ధములైనవి. శబ్దైక్యము చూచి యర్థైక్యము భ్రమించుట యామె దోషము. చెలికత్తె యా భ్రమను మాన్పక, దానికిఁ దగిన మనిషిని వెదకి తెచ్చినది. కావున వంచన చెలికత్తెది కొంత. అంతకంటె నెక్కుడుగా రాణి తన్నుఁదానే వంచించుకొన్నది. వ్యుత్పత్తి లేని శ్రవణము ప్రమాదకరమనుటకు నింతకంటె దృష్టాంత మేమి?

ఫ్రాంచెస్కా మాట వేఱు. ఆమె పేరును జూచి మోసపోలేదు. ఆమె వాక్యములలోఁ గారకములు తాఱుమాఱైనవి. క్రియయందు స్వతంత్రుఁడైనవాఁడు కర్త యని పాణిని మతము. ఫ్రాంచెస్కా తన కథ చెప్పునపుడు మూఁడుమాఱులు వరుసగా వలపునే కర్తగాఁ జెప్పును. పావోలోను బట్టుకొన్నది వలపు. తన్నుఁ బట్టుకొన్నది వలపు. ఇరువురను నొక్క మరణమునకుఁ దెచ్చినది వలపు. పిమ్మటఁ బుస్తకము కర్త యగును, దాని రచయిత కర్త యగును. ఇన్ని వాక్యములలోఁ దామిరువురును గర్మస్థానముననే యుందురు. ఇంకను నొక విశేషము. ప్రచారములోనున్న ప్రాచీన ఫ్రెంచి వచనకథలో ముందు ముద్దుపెట్టుకొన్నది రాణి గినివీరు, లాన్సెలాట్ సిగ్గరి. ఫ్రాంచెస్కా చెప్పునపుడు ముద్దుపెట్టుకొన్నవాఁడు నాయకుఁడు. చదివిన కథలోని కర్తృత్వమును గూడ నామె స్త్రీనుండి తొలఁగించి పురుషునిపైఁ బెట్టినది. దాంతేకు మూలకథ తెలియదనుటకంటె, ఆమెచే నట్లు చెప్పించెననుటయే యాతని ప్రజ్ఞకుఁ దగియుండును. తన క్రియకుఁ దాను గర్త గానని నమ్మినవారికి విముక్తి లేదు. అందుచేతనే యామె నరకమున నున్నది. వాసిష్ఠములోని యిరువురు నట్లనలేదు. తమ మనస్సే కర్త యని రాజు నెదుటను, ముని యెదుటను జెప్పిరి. తప్పు చేసినను గర్తృత్వమును దాఁచలేదు.

ఫ్రాంచెస్కా పక్షమునను జెప్పవలసినది కలదు. 1373లో ఫ్లోరెన్సు నగరమున దాంతే కావ్యమును బహిరంగముగా వ్యాఖ్యానించిన బొకాచియో యొక వృత్తాంతము చెప్పెను. వైరము మాన్పుటకై యీ రెండు ప్రభుకుటుంబములు వియ్యమందఁదలఁచెను. జాంచొట్టో కుంటివాఁడు, కురూపి. అతనిఁ జూచినచోఁ బిల్ల యొప్పుకొనదని, యందగాఁడగు పావోలోను బ్రతినిధిగాఁ బంపిరి. అతఁడే వరుఁడని యామె నమ్మినది. మఱునాఁడు గాని నిజము తెలియదు. ఇది చరిత్రయో, కల్పనయో కాని, విమర్శకునకు మిగుల నుపయోగించును. పాణిని యొక్క సూత్రమున గృధి, వంచి ధాతువులను గలిపి పఠించి, ణిజంతములై మోసగించుట యను నర్థమున్నపుడు వానికి నాత్మనేపదము విధించెను. గృధి యనఁగా నాసపడుట. కుక్కకు నాసపుట్టించుట వేఱు, పామును దప్పించుకొనుట వేఱు. అచట నా విధి లేదు. మనిషికి నాసపుట్టించి మోసగించుటయందే యా విధి. క్రియాఫలము కర్తకుఁ జెందకున్నను నాత్మనేపదమే వచ్చునని కాశికాకారుల వ్యాఖ్య. పావోలో చేసిన వంచనయు నట్టిదే. ఫలము కుటుంబములకుఁ జెందినది, అతనికిఁ గాదు. కాని క్రియ మాత్రమతనినే పట్టుకొన్నది. ఇది సూత్రార్థము కాదు, సూత్రమువలనఁ దోఁచిన భావన. ఆసపెట్టుటయు వంచించుటయు నిరుగుపొరుగు క్రియలని ముని కనిపెట్టి యుండుట మాత్రము స్పష్టము.

ఇచట నొక చిక్కు గలదు. పేరుచే మోసపోయి మొదలైన యహల్య వలపు నిప్పును, నీటిని, శాపమును గెలిచెను గదా! అసత్యమున మొలచినది సత్యమగునా? మన సాహిత్యమున నీ ప్రశ్న పలుచోట్లఁ గలదు. మారన మార్కండేయపురాణమునుండి కథఁ గొని పెద్దన పెంచిన మనుచరిత్రమున, గంధర్వుఁడు ప్రవరుని రూపముతో వరూధినిని వంచించెను. ఆ వంచనవలనఁ బుట్టిన స్వరోచి స్వారోచిషమనువునకుఁ దండ్రి. ఆంగ్లదేశపుఁ గథలో నూథర్ రాజు మంత్రబలమున నింకొకని రూపు దాల్చి యాతని భార్యను గూడఁగా నార్థర్ మహారాజు పుట్టెను. వంచనకు మంచి ఫలము గలిగినను వంచన వంచనయే. కాని మోసపోయినవారి వలపు మోసము గాదు. వరూధిని ప్రవరునే వలచినది, గంధర్వుని గాదు. వలపునకు విషయము మనస్సులో నున్నది గాని యెదుట లేదని వాసిష్ఠకారుఁడు చెప్పఁదలఁచినది నిదియే. ఆ గ్రంథమునఁ గథ చెప్పుట యహల్యను మెచ్చుటకుఁ గాదు, రోయుటకుఁ గాదు. మనస్సునకింత బలమున్నదని చూపుటకు. కామమునకే యింత యేకాగ్రత గలిగినప్పుడు తత్త్వజిజ్ఞాసువున కింకెంత గావలెనో శ్రోత గ్రహింపవలెను.

ఇఁక మొదటి ప్రశ్నకు వత్తము. రసాస్వాదమునకు సాధారణీకరణ మావశ్యకమని భట్టనాయకుఁడు చెప్పఁగా నభినవగుప్తుఁ డంగీకరించెను. శకుంతలను జూచు సహృదయుఁ డామెను దన ప్రియురాలుగాఁ దలఁపఁడు, దుష్యంతుని సొమ్ముగాను దలఁపఁడు. రతి దేశకాలవ్యక్తిసంబంధములు వీడి యాస్వాదింపఁబడును. శ్రోత తన సుఖదుఃఖములకు వశుఁడై యుండుట రసవిఘ్నములలో నొకటి. అహల్యకును ఫ్రాంచెస్కాకును గలిగినది సరిగా నా విఘ్నమే. వారు కథను విన్నారు గాని రసమును బొందలేదు. పొందియున్నచోఁ గథ ముగియువఱకు వినియుందురు. ఫ్రాంచెస్కా యా పుస్తకమును ముగింపలేదు! ముందు చదివియున్నచో నా వలపువలన రాజ్యమే కూలుట యామె కగపడియుండును.

కవి నిర్దోషి యని దీనివలనఁ దేలునా? తేలదు. దాంతే తన్నుఁదాను గూడ నిచట నిలిపినాఁడు. యౌవనమున వలపుపాటలు వ్రాసినవాఁడే, ఫ్రాంచెస్కా నోట నట్టి పాటల పలుకుబడియే వినఁగానే మూర్ఛపోయెను. ఆ మూర్ఛ జాలియే కాదు, కవి తన భాగమును దాను గుర్తించుట యని నా యభిప్రాయము. మధురానాయకుల కాలమున నహల్యాసంక్రందనమును రచించిన సముఖము వేంకటకృష్ణప్పనాయకున కిట్టి వెఱపు కలిగినట్లు కానరాదు. అందు నేర్పున్నది, వెఱపు లేదు.

అట్లని గ్రంథములను నిషేధించుట మందు గాదు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లోఁ బ్రకటించిన ముద్దుపళని రాధికాసాంత్వనమును నాఁటి ప్రభుత్వము నిషేధించినది. 1947లో నా నిషేధము తొలఁగినది. నడుమఁ గడచిన యేండ్లలో దేశమునఁ గామము తఱిగినదని యెవరును జెప్పరు. అహల్య విన్నది పురాణము, పురాణమును నిషేధింతుమా? ఫ్రాంచెస్కా మోసపోయినది పుస్తకమునకు ముందు, తన పెద్దలచేత. కథను గోసివేసినచో నింద్రుని తెచ్చిన చెలికత్తె మిగిలియే యుండును, పావోలోను బంపిన తండ్రి మిగిలియే యుండును. చేయవలసినది మఱియొకటి: ‘ఈ వాక్యమునఁ గర్త యెవరు, ఈ పేరెవరిది, కథ యెక్కడ ముగిసినది’ అని యడుగఁగల శ్రోతలను దయారుచేయుట. పురాణము చెప్పు పండితుఁడును, బడిలోఁ గావ్యము చెప్పు నుపాధ్యాయుఁడును సిగ్గుచే శృంగారఘట్టములను దాఁటవేసినచో, శిష్యులు వానిని నొంటరిగాఁ జదువుకొందురు. ఒంటరిగాఁ జదివి సగములో విడుచుటయే రిమినీలో జరిగినది.