పెరటిలోని బహురూపి

మా పొన్నూరులో కరివేపచెట్టు లేని పెరడు అరుదు గనుక, సీతాకోకచిలుకలను పెంచవలెనను నా వ్యసనమునకు ఖర్చు లేదు. చిగురాకుపై గసగసగింజవలె అంటియున్న లేతపసుపు గ్రుడ్డును రెమ్మతో కూడ తెచ్చి, గాజుసీసాలో నుంచి, మూతికి పలుచని గుడ్డ కట్టి, ప్రతిదినమును వాడిన ఆకు తీసి క్రొత్త ఆకు వేయుచు, అడుగున పడిన పెంటికలను తుడుచుటయే ఈ విద్యలోని సర్వస్వము. పోపునకు రెమ్మ మిగులుట లేదని ఇంటిలో సణుగుడు వేరుగా నుండనే యున్నది.

శాస్త్రజ్ఞులు పపీలియో పాలిటీస్ అనియు, ఆంగ్లేయులు కామన్ మార్మన్ అనియు పిలుచు ఈ ప్రాణి మొదటినుండియు వేషధారియే. పసితనమున పిట్టరెట్టవలె నుండి పక్షులకు రోత పుట్టించును. కడపటి కుబుసము విడిచినపిమ్మట పచ్చబడి ఆకులలో కలిసిపోవును. ముట్టినచో తలవెనుకనుండి రెండు ఎర్రని కొమ్ములు వెలికి చాచి ఘాటైన వాసన చిమ్మును. పిదప నడుమునకు పట్టుదారము చుట్టుకొని కదలక నిలిచి, పరిసరములనుబట్టి పచ్చగనో గోధుమవన్నెగనో మారును. సుమారు నెలకు రెక్కలు వచ్చును.

మగది నలుపు, వెనుకరెక్కపై తెల్లని మచ్చల వరుస. ఆడవానిలో కొన్ని అట్లే యుండగా, కొన్ని క్రిమ్సన్ రోజ్ అను వేరొక జాతి వేషమును, అనగా ముందురెక్కపై తెల్లని పట్టెలను, వెనుకరెక్కపై ఎర్రని చుక్కలను ధరించును. ఆ జాతి పురుగు గాడిదగడప ఆకు తిని విషమును దేహమున నిలువచేసికొనుటచే పక్షులు దానిని ముట్టవు. మలయా ద్వీపముల అరణ్యములలో తిరిగిన ప్రకృతిశాస్త్రజ్ఞుడు వాలెసు, ఒకే జాతి ఆడవానికి ఇన్ని రూపములేల యని 1865లో ప్రకటించిన వ్యాసమున చర్చించెను. కృష్ణమేఘ కుంటె మున్నగు శాస్త్రజ్ఞులు 2014లో, ఈ వేషములన్నిటికిని డబుల్‌సెక్స్ అను ఒక్క జన్యువే మూలమని చూపిరి. అయినను కవళిక కొంత తప్పినది: అసలుదాని దేహము ఎరుపు, నకలుది నలుపు. పక్షి అంత పరీక్షగా చూడదు కాబోలు.

ఈ మోసమునకు మితము కలదు. అసలువి తగ్గి నకలువి పెరిగినచో, రుచి మరగిన పక్షి ఎర్రచుక్కలను లక్ష్యపెట్టదు. కావున నా సీసాలోని ఆడపురుగు క్షేమము నా పెరటి కరివేపకంటె, నల్లరేగడి పత్తిచేల గట్లపై ప్రాకు గాడిదగడపనే ఎక్కువ ఆశ్రయించియున్నదని నా తలంపు. గట్టుపై గడ్డిమందు కొట్టనున్న రైతుకు ఈ మాట చెప్పగా, అతడు, “కలుపును కాపాడమంటారేంటండీ?” అని నవ్వి, గట్టు చివర మూరెడు మేర వదలివేసినాడు.