పోడు కాగితాలు, తాళంచెవులు

పోడు భూమికి హక్కు అడిగే కుటుంబం ఏమేం చూపాలో అటవీ హక్కుల నిబంధనల్లో 13వది చెబుతుంది. ఓటరు కార్డు, రేషన్ కార్డు, ఇంటి పన్ను రసీదు, ఉపగ్రహ చిత్రం, చెలకలో వేసిన గట్లు, తవ్విన బావి, పెద్దల సమాధులు. వీటి పక్కనే ఇంకొకటి కూడా ఉంటుంది. దరఖాస్తు పెట్టినవాళ్లు కాకుండా ఊళ్లోని ఇతర పెద్దలు చెప్పిన మాట, దాన్ని రాసుకున్న కాగితం. 2005 డిసెంబరు 13 నాటికే ఆ నేల ఆ కుటుంబం చేతిలో ఉందని ఒక ముసలమ్మ చెబితే, ఆ మాటకు చట్టం ముందు విలువ ఉంది. ఒక్క రుజువు చాలదు, ఒకటికి మించి ఉండాలి. రేషన్ కార్డు తప్ప వేరే కాగితం లేని ఇంటికి ఆ ముసలమ్మ మాటే రెండో కాలు.

పెనుబల్లి నుంచి కనకగిరి గుట్టల వైపు వెళ్తే కోయ గూడేలు, లంబాడా తండాలు. అక్కడ దరఖాస్తులు నింపడానికి సాయపడే మా బోటివాళ్ల దగ్గర ఈ మాటలు పోగవుతూ ఉంటాయి. పెద్దలు మాట్లాడుతుంటే రికార్డు చేసుకుంటాం. తర్వాత రాస్తాం, చదివి వినిపిస్తాం, వేలిముద్ర తీసుకుంటాం. దాఖలయ్యేది కాగితమే. కానీ రికార్డింగులో కాగితానికి ఎక్కనిది చాలా ఉంటుంది. ఏ వాగు దాటాక ఎవరి హద్దు మొదలవుతుంది, ఏ ఇప్పచెట్టు కింద ఎవరిని పూడ్చారు, ఏ ఏడు ఫారెస్టు గార్డు వచ్చి నాగళ్లు ఎత్తుకుపోయాడు, ఎవరి మీద కేసు అయింది. మధ్యలో ఒక పాట.

ఒక అవ్వ మాట్లాడటం ఆపి, రికార్డరు వైపు చూసి అడిగింది: "ఇదంతా ఎవరికి వినిపిస్తవ్ బిడ్డా?" మీరు ఒప్పుకున్నవాళ్లకే అవ్వా, అన్నాను. ఆ మాట నిలబెట్టుకోవాలంటే ఏం చేయాలన్నదే ఈ వారం రాయదలచింది. ఆ రికార్డింగు పోకూడదు, అక్కర్లేనివాళ్ల చెవిన పడనూ కూడదు. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు. పోకుండా ఉండాలని పది చోట్ల పెడితే పది చోట్ల నుంచి బయటికి పోతుంది. ఒక్క చోట దాచి తాళం వేస్తే ఒక్క వరదకు పోతుంది.

వరద అన్నది మాటవరసకు కాదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మంలో కాలనీలకు కాలనీలు మునిగాయి. నీళ్లు తీశాక జనం మంచాల మీద, గోడల మీద ఆరబెట్టుకున్నవి సర్టిఫికెట్లు, పట్టాదారు పుస్తకాలు. కాగితం ఎండితే కొంతయినా చదవొచ్చు. బురద నీళ్లలో రాత్రంతా నానిన హార్డ్ డిస్క్ నుంచి ఏమైనా తీయాలంటే హైదరాబాద్ పంపాలి, అడిగినంత ఇవ్వాలి, అయినా వస్తుందన్న నమ్మకం లేదు. అసలు పెనుబల్లిలో, రెండో కాపీ ఖమ్మంలో మున్నేరు ఒడ్డున పెడితే సరిపోదు. ఒకే వానకు రెండూ తడవని చోటు చూసుకోవాలి.

కాపీ పోతే ఏమవుతుందో 2019 ఫిబ్రవరి చూపించింది. దరఖాస్తులు తిరస్కరణకు గురైన వారిని అడవి నుంచి ఖాళీ చేయించాలని ఆ నెల 13న సుప్రీంకోర్టు ఆదేశించింది. దేశమంతా ఆందోళన రేగాక 28న దాన్ని నిలిపేసి, తిరస్కరణలు పద్ధతి ప్రకారం జరిగాయో లేదో చెప్పమని రాష్ట్రాలను అడిగింది. పద్ధతి తప్పిందని చెప్పాలంటే తను ఏం దాఖలు చేశాడో దరఖాస్తుదారు చూపగలగాలి. గ్రామసభ తిరస్కరిస్తే డివిజన్ స్థాయి కమిటీకి వెళ్లడానికి 60 రోజుల గడువు. ఆ గడువులో పాత ఫైలు చేతికి అందాలి.

ఫోన్లో ఉంది కదా అంటారు. వాట్సాప్‌లో పంపిన ఫోటో చిక్కిపోయి చేరుతుంది, రసీదు మీద చిన్నక్షరాలు అలుక్కుపోతాయి. డాక్యుమెంటుగా పంపితే ఆ బాధ లేదు గానీ ఆ అలవాటు తక్కువమందికి ఉంది. గూగుల్ డ్రైవ్‌లో ఉంది కదా అంటారు ఇంకొందరు. ఫోల్డరు దానంతటది డ్రైవ్‌తో కలిసి ఉండేలా పెట్టుకుంటే, ఇక్కడ చెరిగింది అక్కడా చెరుగుతుంది. ఇక్కడ పాడైంది పాడైనట్టే అక్కడికీ చేరుతుంది. కొన్నాళ్ల వరకు చెత్తబుట్టలో దొరకొచ్చు. కానీ పోయిందని మనకు తెలిసేది ఎప్పుడో ఏడాది తర్వాత, ఆ ఫైలు అవసరం పడినప్పుడు. నిన్న ఎలా ఉంది, పోయిన నెల ఎలా ఉంది, పోయిన ఏడాది ఎలా ఉంది అని విడివిడిగా నిలబెట్టేదాన్నే బ్యాకప్ అనాలి.

ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ 2017 మేలో వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. 2022 నవంబరులో సైబర్ దాడికి ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు ఆగిపోయి డాక్టర్లు చేత్తో చీటీలు రాయాల్సి వచ్చింది. అంతంత సంస్థలకే ఆ గతి పట్టినప్పుడు, పక్కింటి పెన్‌డ్రైవ్ ఎక్కే మన లాప్‌టాప్ సంగతి చెప్పనక్కర్లేదు.

బ్యాకప్‌కు నేను వాడే ప్రోగ్రాము రెస్టిక్. అలెగ్జాండర్ న్యూమన్ అనే జర్మన్ ప్రోగ్రామర్ మొదలుపెట్టాడు. ఉచితం, దాని లోపలి రాత ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. దీనికి బొమ్మలు, బటన్లు ఉండవు. నల్లటి టెర్మినల్లో కమాండ్ కొట్టాలి. చాలామంది ఇక్కడే వెనక్కి తగ్గుతారు. నాకు మాత్రం దాని బలమంతా అక్కడే కనిపిస్తుంది. ఒక్కసారి సరిగ్గా కొట్టిన వాక్యాన్ని ఫైల్లో రాసి పెడితే, యంత్రం రోజూ అదే వాక్యాన్ని అదే శ్రద్ధతో చదువుతుంది. బటన్ నొక్కడం మనిషి పని, దరఖాస్తుల ఒత్తిడిలో ఉన్న మనిషి దాన్ని మరిచిపోతాడు.

మొదటి కమాండ్ ఇనిట్. కొట్టగానే పాస్‌వర్డ్ అడుగుతుంది, రెండోసారి అడుగుతుంది, ఖాళీ డిస్క్‌లో కొన్ని ఫోల్డర్లు తయారుచేస్తుంది. వాటిలో డేటా అన్నది తెరిస్తే 256 చిన్న ఫోల్డర్లు. బ్యాకప్ జరిగాక ఒక్కో దాంట్లో 64 అక్షరాల పొడవున, ఏ భాషలోనూ అర్థం లేని పేర్లతో ఫైళ్లు. అవ్వ పేరు కనిపించదు, ఊరి పేరు కనిపించదు, అది పాటో ఫోటోనో కూడా తెలియదు. ప్రతి ఫైలునూ సగటున ఒక మెగాబైటు ముక్కలుగా కోసి, ఏఈఎస్-256 పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేసి పెట్టింది. ఆ డిస్క్ బస్సులో పోయినా, ఎవరైనా అడిగి తీసుకెళ్లినా, పాస్‌వర్డ్ లేనివాడికి దానితో పనిలేదు. పైగా ఈ తాళం మన కంప్యూటర్లోనే పడుతుంది. కాబట్టి కాపీ పెట్టేందుకు దూరంలో అద్దెకు తీసుకున్న సర్వరు యజమాని కూడా లోపల ఏముందో చూడలేడు. అవ్వకు ఇచ్చిన మాట నిలబడేది ఇక్కడే.

ముక్కలుగా కోయడంలో మన ప్రాంతానికి ఇంకో మేలుంది. సీడీ నాణ్యతతో గంటసేపు రికార్డు చేస్తే 600 మెగాబైట్లు దాటుతుంది. సెకనుకు ఒక మెగాబిట్ మించని సిగ్నల్ మీద దాన్ని పైకి పంపాలంటే గంటన్నర దగ్గర పడుతుంది. రోజూ అన్నీ పంపాలంటే ఏ నెట్టూ చాలదు. రెస్టిక్ ముందే చేరిన ముక్కను గుర్తుపట్టి, కొత్తవి మాత్రమే పంపుతుంది. మధ్యలో కరెంటు పోయినా, మళ్లీ మొదలైనప్పుడు చేరినవాటిని చాలావరకు వదిలేసి మిగతావి అందుకుంటుంది.

కరెంటు అంటే గుర్తొచ్చింది. రాత్రి రెండున్నరకు బ్యాకప్ జరగాలని లినక్స్‌లో పాత క్రాన్ ద్వారా చెబితే, ఆ వేళకు కంప్యూటర్ ఆగి ఉంటే ఆ రోజుకు అంతే, అది మళ్లీ పలకదు. సిస్టమ్‌డీ టైమరులో పర్సిస్టెంట్ అనే ఒక్క వరుస చేరిస్తే, తప్పిన పనిని కంప్యూటర్ వెలగగానే చేస్తుంది. గాలివాన వస్తే గంటల తరబడి కరెంటు రాని ఊళ్లకు ఆ ఒక్క వరుస చాలా ముఖ్యం. తర్వాత ఫర్‌గెట్ కమాండ్: స్నాప్‌షాట్లలో, అంటే ఏ రోజుకారోజు నిలిపిన బ్యాకప్‌లలో, రోజువారీవి 7, వారానివి 4, నెలవి 12 ఉంచి మిగతావి తీసేయమని చెప్పొచ్చు. పోడు ఫైళ్లకు నేను ఏడాదివి కూడా అన్నీ ఉంచుతాను. ఈ కేసులు ఏళ్లకేళ్లు నడుస్తాయి.

దానంతటది నడిచే పనిలో ఒక ప్రమాదం ఉంది. అది ఆగినా చప్పుడు చేయదు. డిస్క్ నిండిపోవచ్చు, సర్వరు అద్దె గడువు తీరిపోవచ్చు. "ఈ రోజు పూర్తయింది" అని రోజూ వచ్చే సందేశాన్ని కొన్నాళ్లకు ఎవరూ చదవరు. మూడు రోజులుగా కొత్త స్నాప్‌షాట్ పడలేదని ఫోనుకు వచ్చే సందేశాన్ని చదువుతారు. స్క్రిప్టు రాసేటప్పుడు ఆ రెండోదాని మీద శ్రమ పెట్టమంటాను. అలాగే బ్యాకప్ చెడలేదని చూసే చెక్ కమాండ్‌తో సరిపెట్టకుండా అప్పుడప్పుడు వేరే కంప్యూటర్లో, వేరే ఫోల్డర్లోకి ఏదో ఒక కుటుంబం ఫైలును రిస్టోర్ చేసి, తెరిచి, గొంతు వినాలి. పేరుకు ఫైలు వచ్చిందని ఆగకూడదు. చివరిదాకా వినాలి.

మణుగూరు ప్రాంతపు కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు. కోయ ఇలవేల్పుల చరిత్రలు, సమ్మక్క సారలమ్మల కథ ఆయన నోట ఉండేవి. ఇప్పుడు రికార్డు చేసినంతే మిగిలింది, అందులోనూ జాగ్రత్తగా దాచినంతే. మన గూడేల్లో అవార్డులు రాని ముసలివాళ్లు ఎందరో. వాళ్లు పోయాక రెండోసారి అడిగి రాసుకునే అవకాశం లేదు.

ఇక పాస్‌వర్డ్. రెస్టిక్‌లో అది పోతే తెరిచే దారి లేదు, చేసినవాళ్లు కూడా తెరవలేరు. తెరిచేవాళ్లు లేకపోతే దాచింది కూడా అక్కరకు రాదు. తాళ్లపాక కవుల కీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో భద్రం చేశారు. అన్నమయ్య 32 వేలు రాశాడని ప్రతీతి, దొరికినవి అందులో సగం లోపే. ఆ దొరికిన రేకులు చెడలేదు, గుళ్లోనే ఉన్నాయి. అయినా ఇరవయ్యో శతాబ్దం వచ్చేదాకా ఆ రేకులను బయటికి తెచ్చి పరిష్కరించే పని జరగలేదు. మన డిస్కులకూ అంతే. ముక్కలన్నీ క్షేమంగా ఉంటాయి, తెరవడం తెలిసిన ఒక్క మనిషి పోతే అన్నీ ఉండీ లేనట్టే.

అందుకు రెస్టిక్‌లో కీ యాడ్ అనే కమాండ్ ఉంది. ఒకే బ్యాకప్‌కు ఒక్కొక్కరికి ఒక్కో పాస్‌వర్డ్ ఇవ్వొచ్చు. నాకు ఒకటి, ఇంకొకరికి ఇంకొకటి. ఎవరిది ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ ఇంకొకరు నా దోస్తో మా ఇంట్లోవాళ్లో కాకూడదని నా పట్టు. ఈ మాటలు గూడేనివి. గ్రామసభ ఎన్నుకునే అటవీ హక్కుల కమిటీలో 10 నుంచి 15 మంది ఉంటారు, మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. రెండో పాస్‌వర్డ్ ఆ కమిటీ చేతిలో, కాగితం మీద రాసి, కవరులో పెట్టి, గ్రామసభ తీర్మానంతో ఉండాలి. పక్కన ఇంకో కాగితం మీద రిస్టోర్ కమాండ్‌ను, డిస్క్ ఎక్కడుందన్న సంగతిని, పదో తరగతి చదివిన పిల్లకు అర్థమయ్యేలా రాసి పెట్టాలి.

రెండో కాగితం రాశాను, తెలుగులోనే. కవరు ఎవరి దగ్గర ఉండాలన్నది కమిటీ తేల్చాల్సి ఉంది. సభ్యుల్లో ఒక ఆడమనిషి దగ్గర పెట్టమని అడిగాను. మా దగ్గరున్న గొంతుల్లో ఎక్కువ అవ్వలవే, వాళ్లు ఇంకా ఏదైనా చెప్పాలనుకున్నా, చెప్పింది తీసేయమన్నా ముందు వెళ్లేది ఆమె దగ్గరికే.