పావుమైలు పరుగుతో ఇంజను బలము తేలునా?

అమెరికాలో పావుమైలు కారు పందెములను బట్టి ఇంజను అశ్వసామర్థ్యమును లెక్కకట్టుట వాడుక. రోజర్ హంటింగ్టన్ సూత్రము ప్రకారము, పరుగు చివర గంటకు మైళ్లలోనున్న వేగమును 225తో భాగించి, ఘనము చేసి, పౌనులలో కారు బరువుచే గుణింపవలెను. 3300 పౌనుల కారు 100 మైళ్ల వేగమందుకొన్నచో 290 వచ్చును.

ఈ ఘన సంబంధము నిరాధారము కాదు. సామర్థ్యము స్థిరమనుకొన్నచో న్యూటను నియమములే దానిని ఇచ్చును. 1973లో జెఫ్రీ ఫాక్స్ ఇట్లే వివరించెను. కాని నష్టములేవియు లేనిచో 225కు బదులు 281 రావలెను. చక్రముల జారుడు, గాలి నిరోధము, గేర్లు మార్చు జాప్యము ఆ 225లోనే దాగియున్నవి. పాట్రిక్ హేల్ 234 వాడెను. అప్పుడు అదే కారుకు 258 మాత్రమే! పైగా వేగములో నూటికి 3 పొరపాటు సామర్థ్యములో సుమారు 9 అగును.

డైనమోమీటరులో చక్రములు బరువైన రోలరును త్రిప్పును. రోలరు జడత్వము ముందే తెలియును, ఎదురుగాలి లేదు. అయినను అది చూపునది చక్రములకు చేరిన సామర్థ్యమే గాని ఇంజనులో పుట్టినది కాదు.

కనుక ఒకే కారును మరమ్మతుకు ముందు, తరువాత పోల్చుటకు పందెపు సూత్రము చాలును. ఇంజను బలమునకు సాక్ష్యము కాజాలదు. సూత్రములో స్థిరాంకము కనబడినచో, అది ఎచటినుండి వచ్చెనని విద్యార్థి అడుగవలెను.