కీలు ఎక్కడ పెట్టాలి

పుత్తూరు అనగానే ఎక్కడివాళ్లకైనా గుర్తొచ్చేది ఎముకల కట్టు. పుత్తూరు పక్కనున్న ఈశ్వరాపురంలో విరిగిన చేతికి ఆకు పసరు, కోడిగుడ్డు సొన పట్టించి, వెదురు బద్దలు పెట్టి, గుడ్డ చుట్టి కట్టే ఆ కట్టు కోసం తమిళనాడు నుంచీ కర్ణాటక నుంచీ కూడా జనం వస్తారు. ఎముక ఎక్కడ తప్పిందో వేళ్లతో తడిమి చెప్పే ఊరు ఇది. ఈ ఊళ్లో కూర్చుని, ఉద్యోగం కోసం కాక ఇష్టం కొద్దీ, కంప్యూటర్‌లో మనుషుల బొమ్మలు మలచి వాటిని నడిపించడం నేర్చుకుంటున్నాను. నేర్చుకునే కొద్దీ నాకు అర్థమవుతున్నది ఒక్కటే. బొమ్మకు ప్రాణం వచ్చేది కీలు దగ్గర. ఎక్కడ కదలాలి, ఎక్కడ కదలకూడదు అనేది తేల్చుకోవడమే ఈ పనిలో సగం. ఆ సగాన్ని మన రాయలసీమలో తోలుబొమ్మలాట వాళ్లు ఏనాడో తేల్చేశారు.

ఈ రోజుల్లో పనిముట్లకు కొదవ లేదు. టోన్ రోసెండాల్ తయారుచేసిన బ్లెండర్ సాఫ్ట్‌వేర్ 2002 నుంచి ఓపెన్ సోర్స్‌గా అందరికీ ఉచితం. దానితోనే తీసిన లాట్వియా సినిమా 'ఫ్లో'కు 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. మామూలు కంప్యూటర్ ఉంటే చాలు, ఎవరైనా మొదలుపెట్టవచ్చు. ముందు ఆకారం మలచాలి. దాని లోపల ఎముకల గూడు అమర్చాలి, దాన్నే రిగ్గింగ్ అంటారు. ఏ ఎముక కదిలితే చర్మం ఎంత మేర దాని వెంట రావాలో చెప్పాలి. తర్వాత సెకనుకు 24 ఫ్రేముల లెక్కన భంగిమలు పేర్చుకుంటూ పోవాలి. కొత్తగా చేరినవాళ్ల మోజంతా ముఖంలో ముడతలు, వెంట్రుకలు, వేలికి మూడేసి ఎముకల మీద ఉంటుంది. అన్నీ అమర్చాక చూస్తే బొమ్మ నడుస్తుంది గానీ బరువు ఉండదు, నేల మీద తేలుతున్నట్టుంటుంది.

తోలుబొమ్మకు ఈ జబ్బు లేదు. ఎందుకు లేదో తెలియాలంటే దాని తయారీ తెలియాలి.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట ఈ విద్యకు ఇప్పుడు పెద్ద పేరు. పూర్వం మరాఠీ ప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు అక్కడ బొమ్మలు చేస్తాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆట మాత్రం చాలా పాతది. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోనే దాని ప్రస్తావన చేశాడు.

ఇప్పుడు ఎక్కువగా వాడేది మేకతోలు. పూర్వం దేవతలకూ నాయకులకూ జింక తోలు, రాక్షసులకు గేదె తోలు వాడేవారట. తోలును వేడినీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, లాగి బిగించి ఆరబెడితే వెలుగు దూరేంత పలచగా తయారవుతుంది. దాని మీద గీత గీసి, ఆకారం కత్తిరించి, ఉలితో చిన్నచిన్న బెజ్జాలు కొడతారు. నగలు, చీర అంచులు, కిరీటం పనితనం అన్నీ ఈ బెజ్జాలే. రంగు రెండు వైపులా వేస్తారు. అందుకే తెర మీద పడేది నల్లని నీడ కాదు, రంగుల నీడ. ఒకే బొమ్మను గిరుక్కున తిప్పితే అటు వెళ్లేవాడు ఇటు తిరుగుతాడు. మనం సాఫ్ట్‌వేర్‌లో రంగు, మెరుపు, పారదర్శకత అని మూడు వేరువేరు పొరలు వేసుకుంటున్నవి ఇక్కడ ఒక్క తోలుముక్కలోనే ఉన్నాయి.

ఇక కీళ్లు. మన బొమ్మలు నాలుగు నుంచి ఆరడుగుల ఎత్తుంటాయి, దేశంలోని తోలుబొమ్మల్లో చాలా పెద్దవి. భుజం, మోచేయి, నడుము, మోకాలు వేరు ముక్కలుగా కత్తిరించి, ఒకదాని మీద ఒకటి వచ్చేట్టు పెట్టి, దారంతో ముడివేస్తారు. ముడి బిగిస్తే చెయ్యి కర్రలా నిలుస్తుంది. వదులైతే ముక్క జారిపోతుంది. నాట్యమాడే ఆడబొమ్మలకు మెడ దగ్గర కూడా కీలు పెడతారు. పది తలల రావణుడి తలలు మాత్రం ఒక్కటీ విడిగా కదలవు. అవన్నీ వరసగా ఒకే ముక్కలో, మనకు ఎదురుగా ఉంటాయి. మిగతా పాత్రలు పక్కకు చూస్తుంటే ఇతడొక్కడే పది ముఖాలతో జనం వైపు చూస్తాడు. అంతకన్నా కదలిక ఎందుకు? ఏ పాత్రకు ఎంత కదలిక అవసరమో అంతే ఇచ్చారు. పనితనమంటే నా దృష్టిలో ఇదే.

బొమ్మ నిలువునా వెదురు బద్ద ఒకటి ఉంటుంది. దాన్ని ఒక చేత్తో పట్టుకుంటారు. బొమ్మ చేతులకు తగిలించే పుల్లలు రెండో చేతిలో ఉంటాయి. కాళ్లకు పుల్లల్లేవు, వాటంతట అవే వేలాడుతుంటాయి. అసలు రహస్యం ఇక్కడుంది. ఆటగాడు నడకను పాదంతో మొదలుపెట్టడు, ఒంటితో మొదలుపెడతాడు. బద్ద కాస్త దిగి లేస్తుంది, ముందుకు సాగుతుంది. తోలు తన బరువుకు తానే ఊగి, కాలు ఒక్క క్షణం ఆలస్యంగా వెంట వస్తుంది. చూసేవాళ్లకు ఆ ఆలస్యమే బరువుగా తోస్తుంది. డిస్నీ సంస్థలో పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్ 1981లో రాసిన 'ది ఇల్యూజన్ ఆఫ్ లైఫ్' పుస్తకంలో యానిమేషన్ సూత్రాలు పన్నెండు చెప్పారు. ఒళ్లు ఆగాక కూడా దాన్ని అంటిపెట్టుకున్నవి కాసేపు కదులుతూనే ఉండాలన్నది వాటిలో ఒకటి. కంప్యూటర్‌లో దాన్ని మనమే చూసుకుని పెట్టాలి. తోలుకు అది పుట్టుకతోనే ఉంది. నేను నడక సాధనలో కాళ్లను పూర్తిగా వదిలేసి ముందు నడుము దారి ఒక్కటే గీసుకోవడం మొదలుపెట్టాక బొమ్మ పాదాలు నేలకు ఆనాయి.

మాటల సంగతి ఇంకా గొప్పది. తోలుబొమ్మకు పెదవులు కదలవు. తెర మీద నలుగురుంటే ఎవరు మాట్లాడుతున్నారో ఎలా తెలుస్తుంది? మాట్లాడేవాడి చెయ్యి కదులుతుంది, మిగిలినవాళ్లు నిశ్చలంగా ఉంటారు. పాట పాడేదీ సంభాషణ చెప్పేదీ బొమ్మ పట్టుకున్న ఆటగాళ్లే కాబట్టి గొంతు విరుపూ చేతి విరుపూ ఒకేసారి పడతాయి. యుద్ధంలో దెబ్బ తగిలినప్పుడు ఆటగాడి కాలి కింద చెక్క ఫెళ్లున మోగుతుంది. బొమ్మను తెరకు ఆనిస్తే గీత తేటగా ఉంటుంది, వెనక్కి లాగితే నీడ పెరిగి మసకబారుతుంది. ఆముదం దీపాల కాలంలో మంట ఊగినప్పుడల్లా నీడ కూడా ఊగేది. బల్బు వచ్చాక ఆ ఊపు పోయింది.

ఈ నీడల ఆట సినిమాలోకీ వచ్చింది. జర్మనీకి చెందిన లోటె రైనిగర్ 1926లో పూర్తినిడివి నీడల సినిమా 'ప్రిన్స్ అహ్మద్ సాహసాలు' తెచ్చింది. నేటికీ మిగిలి ఉన్న పూర్తినిడివి యానిమేషన్ చిత్రాల్లో అదే పాతది. అట్టముక్కలు, సీసం రేకులు కత్తిరించి, తీగతో కీళ్లు కట్టి, ఒక్కో ఫ్రేముకీ కాస్త కాస్త జరుపుతూ తీసింది. అంటే యానిమేషన్‌కు నీడబొమ్మ దూరపు చుట్టం కాదు, సొంత మనిషే.

కదలని బొమ్మ నుంచి నేర్చుకోవలసింది మా చిత్తూరు వైపే ఉంది. ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్లలో భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, చాలా చోట్ల పద్దెనిమిది రోజులు. చివరి రోజు భారతం ఆడే మిట్ట మీద వెల్లకిలా పడుకున్న దుర్యోధనుణ్ణి మట్టితో చేస్తారు. పదుల అడుగుల పొడవు, రంగులు, కిరీటం, మీసం. వీపు ఉండదు, ఎవరూ చూడరు గనుక. కనిపించే వైపే మలచాలని మోడలింగ్ పాఠాల్లో చెప్పేది ఇదే. ఆ మట్టి ఒంటి మీదికి దుర్యోధనుడి వేషగాడు ఎక్కుతాడు, గదతో భీముడు వెంటపడతాడు. ఒక్క పాత్రకు రెండు ఒళ్లు. మట్టి ఒళ్లు వాడి అహంకారం ఎంత పెద్దదో చెబుతుంది, మనిషి ఒళ్లు పరుగు, కోపం, భయం చూపిస్తుంది. భీముడి దెబ్బ మట్టి తొడ మీద పడి ఎర్రనీళ్లు చిమ్మేసరికి రెండు ఒళ్లూ ఒకటైపోతాయి. ద్రౌపది వేషధారి జుట్టు ముడి వేసుకుంటుంది, సాయంత్రం నిప్పుల గుండం తొక్కుతారు. ఇంత పెద్ద బొమ్మలో కదిలే భాగం ఒక్కటీ లేదు. అయినా దాన్ని చూస్తూ వణికిపోయిన పిల్లలు మా ఊళ్లలో ఎంతమందో.

నిమ్మలకుంట కుటుంబాలకు ఇప్పుడు అన్నం పెడుతున్నవి దీపపు తొడుగులు, గోడకు తగిలించే బొమ్మలు. అవి అమ్ముడుపోవాలి, ఆ ఇళ్లు బతకాలి, కొనమని నేనే అందరికీ చెబుతాను. కానీ దీపపు తొడుగు మీది హనుమంతుడికి కీళ్లుండవు. అలాంటి బొమ్మలే చేస్తూ పెరిగిన పిల్లలకు తోలు కోత వస్తుంది, ఉలి పని వస్తుంది, ఆడించడం రాదు. రాత్రంతా ఆడే ఆటలు తగ్గిపోయాక బద్ద పట్టే చెయ్యి తయారయ్యే చోటే లేకుండా పోతోంది. మ్యూజియంలో బొమ్మ మిగులుతుంది గానీ, హనుమంతుడు సముద్రం దాటే ముందు ఎంతసేపు ఆగాలో ఆ బొమ్మను చూసి ఎవరూ చెప్పలేరు.

తిరుపతి చుట్టుపక్కల యానిమేషన్ నేర్పేవాళ్లు ఒక వారం పాటు ఒక ఆటగాడికి తగిన పారితోషికం ఇచ్చి గురువుగా పిలవాలి. పిల్లలు ఆయన వెనక, తెర లోపలి వైపు కూర్చోవాలి. రెండు కెమెరాలు పెట్టాలి, ఒకటి నీడ మీద, ఒకటి ఆయన మణికట్టు మీద. రెండూ పక్కపక్కన పెట్టి ఫ్రేము ఫ్రేమూ చూడాలి. బద్ద ఎప్పుడు దిగింది, కాలు ఎన్ని ఫ్రేముల తర్వాత వచ్చింది, మోచేతి ముడి ఎంత వదులుగా ఉంది, మాటకు ముందు చెయ్యి లేచిందా తర్వాత లేచిందా అన్నీ రాసిపెట్టుకోవాలి. ఆ పని చేయగల పెద్దలు ఇంకా ఉన్నారు.